రెండు తలుపుల బోటు

నరసాపురంలో గోదావరి గట్టు పక్క పేటలో సత్తియ్య ఇంటికి తలుపుంది గాని గడియ లేదు. ఉన్న గడియని సత్తియ్యే ఊడబెరికి, మేకులతో సహా గోదాట్లోకి విసిరేశాడు. అది జరిగి ఎనిమిదేళ్ళయింది. అప్పటినుంచి ఆ ఇంట్లోకి పిల్లులు వస్తాయి, కుక్కలు వస్తాయి. ఎండుచేపల మీద వాటికున్న హక్కు ఇంటివాళ్ళకి లేదు. మీ ఆయన సత్రం పెట్టాడా ఏంటి అని పేటవాళ్ళు సత్తియ్య పెళ్ళాం లోవమ్మని ఆటపట్టిస్తుంటారు. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. కారణం తెలిసింది ఆవిడ ఒక్కదానికే.

ఒకప్పుడు సత్తియ్య కాకినాడలో బోటు డ్రైవరు. బోటంటే ఇంజను మీద నడుస్తూ, వలని వెనకాల ఈడ్చుకుపోయే పెద్ద బోటు. నీటి రంగు చూసి రొయ్య ఎక్కడుందో చెప్పేవాడని పేరు. డెబ్బై ఆరులో గాలివానకి ఆ బోటు, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర, పక్కకి ఒరిగిపోయింది. కేబిన్‌లో ముగ్గురున్నారు. ఉన్నది ఒకే తలుపు, అది నీటి బరువుకి బిగుసుకుపోయింది. కిటికీ చెక్క పగలగొట్టుకుని సత్తియ్య ఒక్కడే బయటపడ్డాడు.

బోటు మునిగిన సంగతి పేటంతా ఎరుగును. ఆ తరవాత సంగతి ఎరగదు. మూసిన గదిలో సత్తియ్యకి ఊపిరాడదు. ఇంట్లో పడుకున్నా తలుపు బార్లా తీసి ఉండాలి. మళ్ళీ బోటెక్కలేక, చిన్న తెరచాప నావ మీద ఒడ్డు పక్కనే వేట సాగించాడు. పెద్ద బోట్లు ఎందుకు మానేశావంటే నడుంనొప్పి అన్నాడు. సముద్రం మీద బతికే మగాడు గది చూస్తే భయమని ఎలా చెప్పుకుంటాడు? నడుంనొప్పి ఎంతో మర్యాదైన జబ్బు.

ఇలా ఉండగా ఎనభై నాలుగులో గున్నేశ్వరరావు గారికి బోటు కొనాలని పుట్టింది. ఆయనకి బజారులో తాళ్ళు, వలదారం, ఇనుప సామాను అమ్మే కొట్టుంది. చేప నోట పెట్టుకోవడం మాట అటుంచి, వాసన వస్తేనే పైకండువా ముక్కుకి అడ్డం పెట్టుకునే మనిషి. కాకినాడలో రెండు పాత బోట్లు అమ్మకానికున్నాయని, వచ్చి చూసి ఒకటి ఎంచిపెడితే సత్తియ్యే దానికి డ్రైవరని కబురంపాడు.

సత్తియ్య లెక్క వేసుకున్నాడు. ఒడ్డు పక్కన చేప ఏడాదికేడాది తగ్గిపోతోంది, నావ మీద ఇల్లు గడవడం లేదు. ఇది పోతే ఈ జన్మకి మళ్ళీ స్టీరింగు పట్టుకునే యోగం లేదు. అలాగని కేబిన్‌లో అడుగుపెట్టలేనివాడు స్టీరింగు ఎలా పడతాడు? లోవమ్మ మాత్రం చద్దన్నం మూటగట్టి చేతిలో పెట్టింది.

"వెళ్ళి చూడు మావా. నీ వల్ల కాకపోతే కాదని చెప్పెయ్యి. చెబితే ఏం పోద్ది?"

ఏం పోతుందో సత్తియ్యకి తెలుసు. అయినా షావుకారుతో పొద్దున్నే బస్సెక్కాడు. రావులపాలెంలో బస్సు ఆగితే షావుకారు చక్కెరకేళి అరటిపళ్ళ అత్తం ఒకటి కొని సంచిలో వేసుకున్నాడు. హోటళ్ళలో తినడు. దారంతా ఆయన లోకాభిరామాయణం చెబుతూనే ఉన్నాడు, సత్తియ్య ఊకొడుతూనే ఉన్నాడు, ఒక్క ముక్క చెవికెక్కలేదు.

జెట్టీ దగ్గర రెండు బోట్లూ పక్కపక్కన కట్టి ఉన్నాయి, ఒకటి నీలంది, ఒకటి తెల్లది. బుల్లిరాజనే బ్రోకరు రెండింటి ఇంజన్లూ ఆడించాడు. సత్తియ్య పైనుంచే చెవిపెట్టి విని, రెండూ బాగానే ఉన్నాయన్నాడు. ఇక తేడా అంతా కేబిన్లలోనే ఉంది. నీలం బోటు కేబిన్ విశాలంగా ఉంది. లోపల కిందా పైనా నాలుగు పడకలు, మూలన పొయ్యి, ముందువైపు స్టీరింగు. వెనకవైపు ఒకే తలుపు, దానికి బొటనవేలంత ఇనప గడియ. తెల్లదాంట్లో రెండే బల్లలు, అవీ పొట్టివి. వంట బయట రేకు కింద, వానొస్తే వండేవాడు తడవాల్సిందే. కాకపోతే స్టీరింగుకి ఎడంపక్కొక తలుపు, కుడిపక్కొక తలుపు.

గున్నేశ్వరరావు గారు ముప్ఫై ఏళ్ళుగా కొట్టు చూసిన కళ్ళతోనే బోట్లనీ చూశాడు. రెండు తలుపులుంటే ఒకదాంట్లోంచి వచ్చిన సరుకు రెండోదాంట్లోంచి పోతుందని, ఒక తలుపు, గట్టి గడియ ఉన్నదే నికార్సయిన కొట్టని తేల్చేశాడు. సముద్రం మధ్యలో దొంగ ఎక్కణ్ణుంచి వస్తాడని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. అడగాల్సిన సత్తియ్య వేరే సాకులు వెతుక్కుంటున్నాడు. నీలం రంగు తనకి అచ్చిరాదన్నాడు. రంగు మన కొట్లో బోలెడుంది, మార్చేద్దామన్నాడు షావుకారు. లోపల పొయ్యి ఉంటే పొగ అన్నాడు. గొట్టం పెట్టిద్దామన్నాడాయన. వెనక చెక్క పుచ్చినట్టుందని కూడా అన్నాడు గాని, బుల్లిరాజు సుత్తితో కొట్టి చూపిస్తే అది కంచులా మోగింది.

షావుకారు పంచె ఎగ్గట్టుకుని, నీలం కేబిన్‌లోకి దూరి, పడక మీద దర్జాగా కూర్చున్నాడు. పొడుగు మనిషివి, ఇలా వచ్చి పడుకో, కాళ్ళు పడతాయో లేదో చూద్దాం అని పిలిచాడు. సత్తియ్య గడప దాకా వెళ్ళాడు. చెయ్యి తలుపు చెక్కని పట్టుకుని ఉండిపోయింది. బుల్లిరాజు వెనకనుంచి నవ్వుతూ, కొత్త పెళ్ళికూతురిలా సిగ్గేంటని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతిని సత్తియ్య విదిలించిన తీరుకి షావుకారు లేచి నిలబడ్డాడు.

ఇక దాచి లాభం లేదనిపించింది. లోవమ్మ మాట గుర్తొచ్చింది.

"నేను లోపలికి రాలేనండి. ఆ రోజు తలుపు రాలేదండి. వాళ్ళిద్దరూ నా కాళ్ళు పట్టుకుని ఉన్నారండి."

డ్రైవరు పని పోయిందనే అనుకున్నాడు. చిత్రమేమిటంటే, పోయిందనుకున్నాక కూడా గుండె తేలికపడింది. ఎనిమిదేళ్ళ నడుంనొప్పి ఆ గడప దగ్గరే దిగిపోయింది.

షావుకారు ఒకసారి ఆ తలుపుని, ఒకసారి ఆ గడియని చూసి గబగబా బయటికొచ్చాడు. సంచిలోంచి అరటిపండు తీసి సత్తియ్య చేతిలో పెట్టాడు. తిన్నాక తెల్ల బోటు వైపు చూపించి, దాంట్లోకైనా వెళ్ళగలవా అని అడిగాడు. తెలియదండి అన్నాడు సత్తియ్య. అది నిజం.

ఎడమ తలుపు దగ్గర నిలబడితే కుడి తలుపులోంచి నీళ్ళు కనిపిస్తున్నాయి. ఒక అడుగు వేశాడు. గాలి ఇటునుంచి అటు పోతోంది. గబుక్కున అటువైపు బయటపడ్డాడు. మళ్ళీ అటునుంచి ఇటొచ్చాడు. మూడోసారి మధ్యలో ఆగి స్టీరింగు మీద చెయ్యి వేశాడు, నాలుగోసారి బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. పాదాలు రెండూ తలుపు బయట ఎండలో ఉన్నాయి. పొట్టిబల్ల, కాళ్ళు పట్టడం లేదని బుల్లిరాజు నొచ్చుకుంటుంటే సత్తియ్యకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"నా కొట్టుకి ఒక తలుపు చాలు. నీ కొట్టుకి రెండుండాలి. ఇదే తీసుకుందాం," అన్నాడు గున్నేశ్వరరావు.

భయం ఆ రోజుతో పోయిందని నేను చెప్పను. కాకినాడ నుంచి బోటు తెచ్చేటప్పుడు సత్తియ్య తలుపులు రెండూ తాళ్ళతో వెనక్కి కట్టేశాడు. నెల తిరిగాక ఒక తాడు విప్పాడు. వానాకాలం మధ్యలో, జల్లు కొడుతుంటే, తన చేత్తోనే ఒక తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఆ వేటనుంచి తిరిగొచ్చిన పొద్దున అతను ఇంటికి పోకుండా నేరుగా బజారుకి వెళ్ళి, గడియ కావాలని అడిగాడు. షావుకారు గుమాస్తాని కూర్చోమని తానే లేచి, పెట్టెలన్నీ వెతికి ఒకటి తీశాడు.

"లోపలి వైపుకేనా?"

"లోపలి వైపుకేనండి."

మధ్యాహ్నం అన్నం తిన్నాక సత్తియ్య దాన్ని తలుపుకి బిగించాడు. లోవమ్మ కిటికీ తీసి ఉంచి, మొగుడి మొహం చూసి, అతను తలూపాక గడియ వేసింది. సత్తియ్య చాప మీద వాలాడు. పేటలో కుక్క అలవాటు చొప్పున వచ్చి, తలుపుని చాలాసేపు గీకింది. సత్తియ్యకి మెలకువ రాలేదు.