లింగవ్వ మిక్సీలోని రాగితీగ

సూరత్ నవాగామ్‌లో లింగవ్వ ఇంటికి గ్యాస్ బండ వస్తే, ఆమె ముందు సీలు చూస్తుంది, తర్వాత బండను రెండు చేతులతో ఊపి బరువు చూస్తుంది. పాలవాడి ఎదుటే పాలచుక్కను గోటి మీద వేసి జారనిస్తుంది. వాళ్ళు కోపం తెచ్చుకోవడం ఎప్పుడో మానేశారు. ఆమెకు అరవై ఆరేళ్ళు. కరీంనగర్ వైపు నుంచి ఈ ఊరికి వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళు. వచ్చిన మొదటి రోజే, సామాను మోస్తానని చెప్పిన ఒక మనిషి సూరత్ స్టేషన్ బయట ఆమె బియ్యం మూటతో మాయమయ్యాడు. ఆ సంగతి ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతుంది.

ఆమె వంటింట్లో అన్నిటికంటే పాతది మిక్సీ. 1988 దీపావళికి భర్త దశరథం కొన్నాడు. తెల్లటి బరువైన ఒళ్ళు, మూడు స్టీలు గిన్నెలు. అప్పుడు వాళ్ళు లింబాయత్‌లో ఒక్క గదిలో ఉండేవాళ్ళు. దశరథం మగ్గాల కార్ఖానాలో మాస్టర్, అంటే మగ్గం ఆగిపోతే విప్పి బాగుచేసే మనిషి. లింగవ్వ తమ వైపు కార్మికులకు భోజనం వండిపెట్టేది. రోట్లో నూరినన్నాళ్ళు ఆరుగురికే వండగలిగింది. మిక్సీ వచ్చాక పన్నెండు మందికి వండింది. పిల్లలిద్దరూ దాని మీదే పెరిగారని అంటుంది. కంపెనీ బిగించిన మరలను ఇంతవరకు ఎవరూ విప్పలేదని చెప్పడం ఆమెకు గర్వం. దశరథం పోయి ఆరేళ్ళయింది. ఆ తర్వాత ఆ మిక్సీని ఆమె ఇంకా జాగ్రత్తగా చూసుకుంది.

పోయిన ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కోడలు లత పల్లీలు తిప్పుతుంటే మిక్సీ పొగలు కక్కి ఆగిపోయింది.

లింగవ్వ అనుమానం మొదట లత మీదికే పోయింది. లత ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటించే పని చేస్తుంది. మధ్యమధ్యలో ఫోన్‌లో కొత్త మిక్సీల బొమ్మలు చూస్తుందని అత్తకు తెలుసు. ఏం వేశావు, ఎంతసేపు తిప్పావు, మధ్యలో ఆపావా అని మూడుసార్లు అడిగింది. గిన్నె ఎత్తి వాసన చూసింది. లత రెండుసార్లు జవాబు చెప్పి, మూడోసారి తలవంచుకుని రాళ్ళు అంటించుకుంది. ఆ మౌనం కూడా లింగవ్వకు అనుమానంగానే తోచింది.

డిండోలీ రోడ్డు మీద మోటార్లు బాగుచేసే ఓంప్రకాష్ దగ్గరికి తీసుకుపొమ్మని కొడుకు చిరంజీవి చెప్పాడు. ఓంప్రకాష్‌ది కోరుట్ల, మనవాడే. మనవాడు అన్నంత మాత్రాన లింగవ్వ నమ్మదు. మిక్సీ ఇచ్చేముందు, లోపలి మోటారు మారిస్తే పట్టుకోవాలని, దాని లోపలి ఇనుము మీద పడేలా అడుగున ఉన్న గాలి సందులోంచి లత గోళ్ళ రంగు ఒక చుక్క జారవిడిచింది. గంటసేపు కొట్టు ముందు కూర్చుంది. కాయిల్ కాలిపోయింది, కొత్తది చుట్టడానికి రెండు రోజులు పడుతుందని అతను చెప్పాక చేసేదిలేక లేచి వచ్చింది.

మిక్సీ తిరిగొచ్చింది, బాగానే తిరిగింది. గోళ్ళ రంగు చుక్క కూడా ఉన్నచోటే ఉంది. కానీ చప్పుడు మారిపోయింది. ఇదివరకు బొంగురుగా గుర్రుమనేది. ఇప్పుడు సన్నగా, హడావిడిగా అరుస్తోంది. పాత సామాన్లలోంచి మంచి రాగితీగ లాగేసుకుని అల్యూమినియం తీగ చుట్టే మెకానిక్‌లు ఉంటారని ఆమె ఎప్పుడో విన్నది. రెండు రోజులు ఆ చప్పుడు విని, మూడో రోజు గల్లీలో చెప్పడం మొదలుపెట్టింది. ఎదురింటి సంగీత, బాగుచేయమని ఇచ్చిన తన మిక్సీని ఓంప్రకాష్ కొట్టు నుంచి వెనక్కి తెచ్చుకుంది. ఇంకో ఇద్దరు తమ ఫ్యాన్లు తెచ్చుకున్నారు.

వారం తిరగకుండానే ఓంప్రకాష్ కబురు పంపాడు, మిక్సీ పట్టుకుని ఒకసారి రమ్మని. లింగవ్వ సాక్షిగా లతను వెంటబెట్టుకుని వెళ్ళింది.

అతను కోప్పడలేదు. మిక్సీని బోర్లించి అడుగు విప్పి, కొత్త కాయిల్ తీగ కొసను బ్లేడుతో గీకాడు. ఎర్రగా రాగి బయటపడింది. పక్కనే ఒక చవక ఫ్యాన్ తీగ గీకాడు. అది తెల్లగా ఉంది. ఆ ఒక్క కొసే రాగి అయి ఉండొచ్చని లింగవ్వ రెండో కొస కూడా గీకించింది. అక్కడా ఎరుపే. అప్పుడు పాత తీగ సంగతి అడిగింది. దాన్ని అమ్ముకుని ఉంటాడని ఆమె లెక్క. అతను అరలోంచి ఒక కవరు తీసి, కాలిన కాయిల్ బల్ల మీద పెట్టాడు.

“అమ్ముదామనుకున్న, పెద్దమ్మా. గని గిసోంటిది నేనెన్నడు చూడలే. గిది కంపెనీ చుట్టింది కాదు. ఎవరో చేతితోని చుట్టిండ్రు.”

“నా మిక్సీ ఎవ్వరు విప్పలే,” అంది లింగవ్వ. “ఎవలదో తెచ్చి నాదంటున్నవ్.”

అతను వాదించకుండా దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. నల్లగా మాడిపోయి ఉంది. నాలుగు చోట్ల దారంతో కట్టి, పైన వార్నిష్ పూసి ఉంది. మెకానిక్‌లు వాడే నాడా కాదు. మగ్గం మీది పడుగు పోగుల్ని నాలుగైదు కలిపి పేనిన దారం. లింగవ్వ దాన్ని వెలుతురులోకి తిప్పింది. తెగిన పోగును అతికే ముడి, నేత ఇంట్లో పుట్టిన ఆమె ఎనిమిదేళ్ళ వయసు నుంచి వేసింది, వేలసార్లు చూసింది. ఈ ముడి అదే, కాకపోతే తిరగేసి ఉంది. దశరథానిది ఎడమచేతి వాటం. అట్లా తిరగేసి ముడివేసే మనిషిని ఆమె ఒక్కడినే ఎరుగును.

ఏమైందని లత అడుగుతుండగానే కాయిల్‌ను కొంగులో చుట్టుకుని లేచింది.

అక్కడి నుంచి నేరుగా లక్ష్మీరాజం ఇంటికి పోయింది. దశరథంతో ఒకే కార్ఖానాలో ఇరవై ఏళ్ళు చేసినవాడు. డెబ్బై దాటాయి, రెండు గల్లీల అవతల కూతురింట్లో ఉంటున్నాడు. లింగవ్వ కాయిల్ తీసి ఎదురుగా పెట్టింది. అతను చాలాసేపు దాన్ని చూసి, తనకేం తెలియదన్నాడు. కూతురు తెచ్చిన చాయ్ లింగవ్వ ముట్టలేదు. నిజం చెప్పేదాకా కదలనంది.

1994లో సూరత్‌లో ప్లేగు పుట్టినప్పుడు సగం ఊరు ఖాళీ అయింది. లింగవ్వ పిల్లలిద్దరినీ తీసుకుని కిక్కిరిసిన రైల్లో వరంగల్ చేరింది. అత్తగారి ఊళ్ళో పది రోజులు పశువుల కొట్టంలో ఉంచాకే వాళ్ళను ఇంట్లోకి రానిచ్చారు. దశరథం ఇక్కడే ఆగిపోయాడు. పోయేముందు ఆమె మిక్సీని పాత చీరలో చుట్టి, ముట్టనని అతనితో ఒట్టు వేయించుకుంది. ఆ నెల ఇక్కడేం జరిగిందో లక్ష్మీరాజం ఇప్పుడు చెప్పాడు.

“తొమ్మిది మందిమి మిగిలినం, వదినె. హోటళ్ళన్ని బందు. దశరథమే వండిండు. గండ్ల పరుశురాంకు జరమొచ్చింది. మేమందరం దూరం జరిగినం. అన్నం మింగలేకపోతుంటె దినాం నాలుగుసార్లు మిక్సీల మెత్తగ తిప్పి దశరథమే తాగిచ్చిండు. పదకొండో దినం మోటార్ కాలింది.”

దుకాణాలేవీ తెరిచి లేవట. కార్ఖానాలో మూలన పడ్డ ఒక మోటారులోంచి రాగితీగ తీసి, పాత కాయిల్‌లో ఎన్ని చుట్లున్నాయో విప్పుతూ గుర్తుపెట్టుకుని, ఇద్దరూ రెండు రోజులు కూర్చుని చుట్టారట. పరుశురాం‌ది ప్లేగు కాదు, మామూలు జ్వరమేనని తర్వాత తేలింది. కానీ ఆ రోజుల్లో అది ఎవరికి తెలుసు?

“జరమొచ్చినోని పక్కన కూసున్నడని ఎరుకైతే, నువ్వు పిల్లల్ని తీస్కొని మళ్ళ రావని భయపడ్డడు,” అన్నాడు లక్ష్మీరాజం. “నాతోని గుడ ఒట్టు వెట్టిచ్చుకున్నడు.”

ఆ ఏడు లింగవ్వ తిరిగొచ్చినప్పుడు మిక్సీ చుట్టిన చీరకు వెల్లుల్లి వాసన వచ్చింది. నాలుగుసార్లు అడిగింది. వెల్లుల్లి సంచి పక్కన పెట్టానని దశరథం నాలుగుసార్లూ ఒకే మాట చెప్పాడు. చివరికి ఆమె తన ముక్కునే తప్పుపట్టింది. ఊళ్ళో అందరినీ తూచి చూసిన మనిషి, తూచకుండా నమ్మింది అతనొక్కడినే. ఇంకేం దాచాడని అడిగింది. ఇంకేం లేదన్నాడు లక్ష్మీరాజం. ఆమె నమ్మలేదు.

కాసేపటికి, వంట ఎట్లా ఉండేదని అడిగింది.

“ఉప్పు ఎక్కువ,” అన్నాడు అతను. “తిన్నం మరి.”

చల్లారిపోయిన చాయ్ తాగి ఇంటికి వచ్చింది. మరునాడు బార్డోలీలో ఉన్న పరుశురాంకు చిరంజీవితో ఫోన్ చేయించింది. లక్ష్మీరాజం కట్టుకథ చెప్పాడేమోనని. పరుశురాం ఆమె గొంతు పోల్చుకోగానే, అడగకముందే, ఆ జ్వరం సంగతి ఎత్తాడు. అన్నం తాగించేటప్పుడు దశరథం ముక్కుకు కట్టుకున్న గుడ్డ కూడా తీసేసేవాడని చెప్పాడు. గుడ్డ ఉంటే రోగి తనకు చావు వచ్చిందనుకుంటాడని. లింగవ్వ ఫోన్ పెట్టేసింది. ఇంత కోపం, ఇంత ప్రేమ ఒకే మనిషి మీద ఒకేసారి రావడం ఆమెకు కొత్త.

ఆ సాయంత్రమే సంగీత ఇంటికి పోయి, ఓంప్రకాష్ మంచి తీగే వేశాడు, తాను అన్నది తప్పని చెప్పింది. సంగీత ఆమెను ఎగాదిగా చూసింది.

“ఏమిచ్చిండు పెద్దమ్మా నీకు?”

ఆ చూపు ఎట్లా ఉంటుందో ఎదుటివాళ్ళ వైపు నుంచి లింగవ్వ ఎప్పుడూ చూడలేదు. తమాయించుకుని, నీ కళ్ళతోనే చూద్దువు రమ్మని, సంగీత మిక్సీని తానే చంకన పెట్టుకుని డిండోలీ రోడ్డు దాకా నడిచింది. పని పూర్తయ్యే రోజున మళ్ళీ వెళ్ళి, సంగీత ముందే తీగ గీకించింది. ఫ్యాన్లు వెనక్కి తెచ్చుకున్న ఇద్దరి ఇళ్ళకూ పోయి చెప్పింది. ఒకామె నమ్మింది. ఇంకొకామె నమ్మలేదు, ఆమె ఫ్యాన్ ఇంకా ఇంట్లోనే పడి ఉంది. ఓంప్రకాష్‌కు మాత్రం క్షమించమని చెప్పలేదు. నా నోటితోని చెడగొట్టిన, నా నోటితోనే చెప్పి వస్తున్న అని మాత్రం అంది. అతను సరేనన్నాడు.

మిగిలింది లత. నాలుగు రోజులు చూసి, చీర మీద రాళ్ళు అంటిస్తూనే అడిగింది. “నా మీద గుడ అనుమానపడితివి గద, అత్తమ్మా.”

లింగవ్వ ఆమె పక్కన కూర్చుంది. రాళ్ళ డబ్బాను లత చేతికి అందేలా జరిపింది.

“పడ్డ,” అంది. “నీది తప్పు లేదు. గని పల్లీలు జర ఎక్కువ సేపే తిప్పినవ్.”