గుర్వమ్మ చూసిన నీడ

గుర్వమ్మకు గడియారంతో పని లేదు. బడి వంటగది ముందు ఒక వేపచెట్టు ఉంది. దాని నీడ నీళ్ల తొట్టి అంచును తాకితే అన్నానికి ఎసరు పెట్టాలి. అరుగు దాకా జరిగితే పప్పు దించాలి. నీడ అరుగెక్కేసరికి పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుస కట్టేస్తారు. ఏళ్ల తరబడి ఆ బడిలో మధ్యాహ్న భోజనం అలాగే నడుస్తోంది. మబ్బు పట్టిన రోజున మాత్రం ఆమెకు కాళ్లూ చేతులూ ఆడవు. కనిపించిన ప్రతి సారునూ పట్టుకుని "ఎంతైంది సారూ, ఎంతైంది?" అని ప్రాణం తీస్తుంది.

అలాంటి మనిషి దగ్గరికి ఒకసారి పానగల్లు టూరులో ఓ ఆరో తరగతి పిల్ల రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, గుళ్లె లింగం ఎనక గోడ మీద నీడ పడుతాంది. పొద్దుగాల్నుంచి పొద్దుమీకే దాంక అది జరుగనే జరగదట!"

గుర్వమ్మ కూర కలుపుతూ నవ్వింది. "పొద్దు జరుగుతుంటే నీడ జరగక ఏంజేస్తదే? పో, చేతులు కడుక్కొని రా."

నవ్వడమైతే నవ్వింది కానీ ఆ మాట ఆమెను వదల్లేదు. టూరు నుంచి బడికి తిరిగొచ్చాక కూడా వేపచెట్టు నీడ తొట్టిని దాటుతుంటే చూస్తూ నిలబడేది. కదలని నీడ ఎలా ఉంటుంది? దాన్ని చూసి వంట చేసుకునేవాళ్లు ఎలా చేసుకుంటారు?

నిజానికి ఆమె తిరగని చోటు లేదు. ఏటా చలికాలంలో బడి పిల్లల్ని బస్సెక్కించి ఎక్కడికి తీసుకెళ్లినా గిన్నెలతో పాటు గుర్వమ్మ కూడా ఎక్కాల్సిందే. కానీ భువనగిరి ఖిల్లా అంటే ఆమెకు తెలిసింది పెద్ద రాతిగుండు కింద పొగ సుడి తిరిగే ఒక మూల. దేవరకొండ అంటే తడి కట్టెలు. నందికొండ అంటే లాంచీల రేవు పక్కన గాలికి మంట నిలవక, కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డ జాగా. పిల్లలు పైకెక్కి, లోపలికెళ్లి, కళ్లు ఇంతింత చేసుకుని తిరిగొచ్చేవారు. వాళ్లు వచ్చే వేళకు అన్నం దిగి ఉండాలి. పొయ్యిని వదిలి ఆమె వెళ్లేది ఎప్పుడు?

కోటల సంగతి సరే, గుళ్లకైనా వెళ్లొచ్చు కదా అంటే, టూరంటే కోడికూర. పిల్లలు నెల ముందు నుంచే కలవరిస్తారు. మాంసం ముట్టిన చేతులతో, తలకు పోసుకోకుండా గుడి గడప తొక్కడం గుర్వమ్మ ఇంటా వంటా లేదు. అందుకని ఎన్ని గుళ్లకు వెళ్లినా ఆమె దండం శిఖరానికే, అదీ దూరం నుంచే.

ఈ ఏడు మళ్లీ పానగల్లే అన్నారు. ఆ మాటతో పాటు కృష్ణకాంత్ సారు ఇంకో మాట కూడా అన్నాడు. ఆయన ఆ బడికి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు, మెత్తని మనిషి.

"గుర్వమ్మా, వచ్చే ఏడు నుంచి టూర్లో వంట పెట్టుకోవద్దు. నీకు గూడ మోకాళ్ల నొప్పులాయె. పిల్లలకు హోటల్లనే తినిపిద్దాం."

ఆయన మంచికే అన్నాడు. గుర్వమ్మకు మాత్రం ఆ కదలని నీడే గుర్తొచ్చింది. అంటే చూస్తే ఈసారే చూడాలి. ఇన్నేళ్లలో ఎవరినీ ఏదీ అడగని మనిషి ఆ రోజు నోరు తెరిచింది.

"సారూ, గీ ఒక్కసారి కోడికూర వద్దు. పప్పుచారు, ఆలుగడ్డ ఏపుడు చేస్త. నేను జర గుళ్లెకు పోయొస్త."

"గంతేనా! పోయి రా అవ్వా," అన్నాడు సారు.

తీరా టూరు రోజు తెల్లారి బస్సు కదిలే ముందు, పిల్లల తండ్రులు కొందరు తలా ఇంత వేసుకుని కొన్న కోడిమాంసం సంచి తెచ్చి గిన్నెల మధ్య పెట్టారు. పిల్లల కేకలు, ఈలలు. ఆ సంబరంలో సారుకు తన మాట గుర్తులేదు. గుర్వమ్మ కిటికీ దగ్గర కూర్చుని, చూడబోయే నీడ ధ్యాసలో ఆ సంచిని చూడనే లేదు.

పానగల్లులో గుడికి దూరంగా, యాదయ్య అనే రైతు పొలం గట్టున పొయ్యిలు పెట్టుకున్నారు. చుట్టూ కొత్తగా నాట్లు వేసిన మళ్లు. బోరు మోటారు నడుస్తోంది, పైపులోంచి నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. పిల్లలు గుడి వైపు బారులు తీరగానే గుర్వమ్మ పనిలో పడింది. పొయ్యి అంటించింది, పెద్ద గిన్నె కడిగింది, ఎదురుగా ఉన్న సంచి విప్పింది. పసుపు, ఉప్పు చల్లి మాంసాన్ని గబగబా కలిపేస్తోంది. ఆ చేతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మనసు ఎటో ఉన్నా వాటి పని అవి చేసుకుపోతాయి.

"పెద్దమ్మా," అంది మమత.

మమత ఆమె చెల్లెలి బిడ్డ. తల్లికి జబ్బు చేసినప్పుడు ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. అప్పటి నుంచి అదే బడిలో గుర్వమ్మ పక్కన ఉల్లిగడ్డలు కోస్తోంది, నీళ్లు మోస్తోంది. తనతో పాటు చదివినవాళ్ల చెల్లెళ్లు, తమ్ముళ్లు వరుసలో నిలబడితే తల వంచుకుని వడ్డిస్తుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"ఏందే?"

"నువ్వు... గుళ్లెకు పోతనంటివి గదా."

గుర్వమ్మ తన చేతుల వంక చూసుకుంది. మణికట్టు దాకా పసుపు, నెత్తురు. ఉన్నపళంగా గట్టు మీద కూలబడింది.

"అయిపాయె. నా చేతులకు బుద్ధి లేదు పో. గిన్నేండ్లు ఎదురుచూసి, నేనే ముంచుకుంటి."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. మమత బోరు వైపు చూసి మెల్లగా అంది.

"నీళ్లు దుంకుతున్నయి గద పెద్దమ్మా. తలమీదికెల్లి తానం జెయ్యి."

"చేసినంక మల్ల గీ కూర ముట్టద్దు గదనే. ఎవలు జేస్తరు? నీ అయ్యనా?"

"నేను జేస్త."

గుర్వమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఇన్నేళ్లలో మమతను ఒక్కనాడు ఉప్పు వేయనివ్వలేదు. పిల్లల నోటికాడి కూడు, తేడా వస్తే ఊరంతా ఆడిపోసుకుంటుంది అని ఆమె భయం.

"ఏనాడన్న గంటె పట్టినవా?"

"పట్టలే. నీ చెయ్యి మాత్రం రోజూ చూస్తున్న."

గుర్వమ్మ గంటెను మమత వైపు జరిపి లేచింది.

చీరతోనే వెళ్లి బోరు ధార కింద కూర్చుంది. చలికి పళ్లు టకటకలాడాయి. మడి అవతల కలుపు చూసుకుంటున్న యాదయ్య నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏందవ్వా, చీరతోనేనా? నా మడిలె కప్పలు జడుసుకుంటయి!"

"నీ కప్పలకు జెప్పు యాదయ్యా, గుర్వమ్మ దేవుని తానికి పోతాందని. తొవ్వకు అడ్డం రావద్దని జెప్పు."

తడి చీర కాళ్లకు చుట్టుకుంటుంటే గట్ల మీదుగా నడిచింది. కొంగలు లేచి మళ్లీ వాలాయి. పచ్చటి మళ్ల నడుమ నల్లటి శిఖరం నడిచేకొద్దీ పెరుగుతూ వచ్చింది. గడప దగ్గర ఆగింది. తడి చేతుల్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. పసుపు వాసన తప్ప మరేమీ లేదు. అప్పుడు కుడికాలు లోపల పెట్టింది.

"అవ్వొచ్చింది! గుర్వమ్మవ్వ గుళ్లెకొచ్చింది!"

పిల్లలు చుట్టుముట్టారు. అద్దంలా నునుపు తేలిన నల్లరాతి స్తంభాల మధ్య నుంచి ఆమెను లాక్కెళ్లారు. వాటి మీద వేలెడంత మనుషులు, ఏనుగులు, గుర్రాలు. అవన్నీ తర్వాత చూద్దామనుకుంది. గర్భగుడి ముందు నిలబడి కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా ఆగింది.

ఉంది. లింగం వెనక గోడ మీద, నిలువుగా, స్తంభంలా, ఒక నీడ.

అది ఏ స్తంభం నీడో తేల్చడానికి పిల్లలు ఒక్కో స్తంభాన్ని కౌగిలించుకుని అరుస్తున్నారు. ఏదీ తేలడం లేదు. వెలుతురు అన్ని పక్కల నుంచీ వస్తుందని, స్తంభాలను ఆ లెక్కన నిలిపారని కృష్ణకాంత్ సారు చెబుతున్నాడు. గుర్వమ్మ తలూపింది. కానీ ఆమెకు తన తీరులో చూసుకుంటే తప్ప మనసొప్పదు.

బయటికొచ్చింది. గుడి శిఖరం నీడ వాకిట్లో పడి ఉంది. దాని అంచున ఒక గులకరాయి పెట్టి, లోపలికెళ్లి కూర్చుంది. గోడ మీది నీడ అంచును రాతిలోని ఒక మచ్చతో గురుతు పెట్టుకుని కన్నార్పకుండా చూసింది. చాలాసేపయ్యాక మళ్లీ బయటికొచ్చింది. శిఖరం నీడ గులకరాయిని వదిలేసి జానెడు దూరం పోయింది. ఆత్రంగా లోపలికొచ్చింది. లోపలి నీడ మచ్చ దగ్గరే ఉంది.

 ఊహ తెలిసినప్పటి నుంచి ఆమెను నడిపింది నీడ. లేపింది, ఉరికించింది, పొయ్యి ముందు నిలబెట్టింది. ఎవరో ఒక మనిషి, తనలాగే కూర్చుని నీడల్ని చూసి చూసి, చివరికి ఒకదాన్ని ఇదిగో ఇలా కట్టేశాడు. రాజులు పోయారు, వాళ్ల కోటలు కూలాయి. ఆ నీడ మాత్రం గోడ వదల్లేదు. గుర్వమ్మ దండం పెట్టడం మరిచిపోయింది. గుర్తొచ్చాక కూడా దేవుడికి పెట్టాలో, ఆ కట్టేసినవాడికి పెట్టాలో తెలియక ఇద్దరికీ కలిపి పెట్టింది.

"అవ్వా, పిల్లలు ఆకలంటున్నరు," సారు వచ్చి మెల్లగా అన్నాడు.

గుర్వమ్మ ఉలిక్కిపడింది. ఎంత పొద్దయిందో ఆమెకు తెలియలేదు. ఎండ కాసే రోజున అలా జరగడం జీవితంలో అదే మొదటిసారి.

పొలం గట్టున బగారా అన్నం మూత కింద మగ్గి ఉంది. కూర గిన్నె పక్కన మమత చెమటలు కారుతూ నిలబడి ఉంది. అలవాటు కొద్దీ గంటె కోసం చేయి చాచబోయిన గుర్వమ్మ, చేయి వెనక్కి తీసుకుని, వెళ్లి పిల్లల వరుసలో కూర్చుంది. పక్క పిల్లాడు కిసకిస నవ్వాడు. మమత వడ్డించి, అక్కడే నిలబడిపోయింది.

గుర్వమ్మ ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది.

"ఉప్పు జర ఎక్కువైంది."

మమత ముఖం చిన్నబోయింది.

"నేను మొదటిసారి చేసినప్పుడైతే ఎవ్వలూ నోట్ల పెట్టలే. కుక్కలు గూడ వాసన చూసి పోయినయి," అంది గుర్వమ్మ పళ్లెం తుడుచుకుంటూ. "ఇంకింత కూరెయ్యి."

పిల్లలు తినడం అయ్యాక గుర్వమ్మ లేచి, మమత చేతిలోని గంటె తీసి పక్కన పెట్టింది.

"పో. తానం జేసి గుళ్లెకు పో."

"గిన్నెలు పెద్దమ్మా?"

"నేను కడుగుత. దర్శనమయింది గద, ఇంక నాకేం ఫికర్."

మమత తల ఎత్తి ఆకాశం చూసింది. ఎండ పడమటికి వాలుతోంది. "పొద్దు పోతాంది. నేను పొయ్యేసరికి ఉంటదో ఉండదో..."

"నిమ్మళంగ పో బిడ్డా. గది ఏడికి పోదు."

మమత బోరు వైపు పరుగెత్తింది. గట్టు మీద ఆమె నీడ పొడుగ్గా సాగి, ఆమెతో పాటే ఉరికింది. గుర్వమ్మ బూడిద పిడికిట్లోకి తీసుకుని, అటే చూస్తూ గిన్నె తోమడం మొదలుపెట్టింది.