తాండూరు కూటానికి మర్పల్లి మీదుగా

ఓర్పు మీద మాట్లాడడానికి బయల్దేరి, ఓర్పు లేక బోల్తా పడిన మనిషిని భూమ్మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ రోజు నేను వెలగబెట్టిన ఘనకార్యం తలచుకుని మా ఇంటిల్లిపాదీ ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వుతారు. మీరూ నవ్వండి, నేనేమీ అనుకోను. అనుకున్నా పైకి చెప్పను, ఎందుకంటే నాకిప్పుడు ఓర్పు వచ్చింది.

మాది వికారాబాద్. నేను బడిలో పంతులమ్మని. ఇంట్లో మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. మా ఇంట్లో తెల్లారడమంటే యుద్ధం మొదలవడమే. చిన్నోడికి సాక్సు దొరకదు, స్నేహకి జడ కుదరదు, అటు పొయ్యి మీద పాలు పొంగుతాయి. ఆ సమయంలో నా గొంతు వీధి చివరి ఇస్త్రీ బండి దాకా వినిపిస్తుందట. అందుకే ఆ ఏడాది ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాల్లో అందరూ మాంసం మానేస్తుంటే, నేను కోపం మానేస్తున్నానని చర్చిలో లేచి నిలబడి చెప్పేశాను. మా పాస్టరమ్మ మురిసిపోయి, తాండూరులో జరిగే స్త్రీల కూటంలో ఓర్పు గురించి నా అనుభవం వినిపించి సాక్ష్యం చెప్పే పని నాకే అప్పగించింది.

పదిమందిలో నన్ను మాట్లాడమని పిలవడం అదే మొదలు. అది చేజారితే మళ్లీ ఎవరూ పిలవరని నా భయం. ఎలాగైనా వెళ్లి తీరాలనుకున్నాను. వంట చేస్తూ కూరగాయలకి కూడా సాక్ష్యం చెప్పాను.

కూటం జరిగే శనివారం అందరం స్టేషన్‌కి చేరేసరికి ఆలస్యమైంది. మా జంక్షన్‌లో పట్టాలు రెండు దారులుగా చీలతాయి, ఒకటి తాండూరు వైపు, ఇంకొకటి బీదర్ వైపు. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తెలియదా అంటారేమో. తెలుసు. ప్లాట్‌ఫారం మీద ఒక బండి కదలడానికి సిద్ధంగా ఉంది, నాకు అది తప్ప ఇంకేమీ కనబడలేదు.

అత్తమ్మ మాత్రం తాపీగా బెంచీ మీద కూర్చుంది. "జర ఆగు బిడ్డ. మైకుల ఏం చెప్తున్నరో ఇననియ్యి."

"మీరు ఇనేటాల్లకు బండి పోతది అత్తమ్మ. గీ టైముకు తాండూరు బండే ఉంటది."

"ఎవల్నన్న అడుగరాదు."

పులిహోర డబ్బా మోస్తున్న మావారు గొణిగారు. "అమ్మ చెప్తుంది గదా సుజాత, ఒక్కసారి అడుగుదాం."

"నువ్వు ముందుగాల ఎక్కు. మీ ఇంటోళ్లందరు గింతే, నిలవడి సూసుడే."

ఆయన్నీ పిల్లల్నీ లోపలికి నెట్టి నేనూ ఎక్కాను. బండి కదిలింది. వెనక్కి చూస్తే అత్తమ్మ బెంచీ మీదే ఉంది. "రాండ్రి అత్తమ్మ" అని కేకేశాను. ఆమె పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది. మావారు దిగబోతే చొక్కా పట్టుకుని ఆపాను. "ఆమెకు పంతం. ఎనక బండికి వస్తది, కూసో."

కాస్త కుదుటపడ్డాక ఎదుటి సీటులోని పెద్దావిడని అడిగాను. "తాండూరుకు ఎంతసేపు పడ్తదమ్మ?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఇది బీదర్ పోతది గదనమ్మ."

నేను మెల్లగా మావారి వైపు తిరిగాను.

"మమ్మీ, నువ్వు కోపం బంద్ వెట్టినవ్ గదా" అంది స్నేహ.

"నేనేమన్ననే? ఒక్క మాటన్న అన్ననా?"

"అన్లేదు. గని డాడీ దిక్కు సూస్తున్నవ్."

బండిని వెనక్కి తిప్పమని కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేశాను. దేవుడు బండిని తిప్పలేదు, నన్నే నోరు మూయించి కూర్చోబెట్టాడు. అప్పుడే బెంచీ మీద ఒంటరిగా వదిలేసి వచ్చిన అత్తమ్మ గుర్తొచ్చి ఫోను కలిపాను. ఆమె చర్చికి బయల్దేరిందంటే చాలు, ఫోను బంద్ చేస్తుంది. మావారు పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి వికారాబాద్ వైపే చూస్తున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. బీదర్ దారిలోని మర్పల్లిలో దిగేసరికి నాకు ఏడుపు ఆగలేదు. సాక్ష్యం పోతే పోయింది, ముసలామె క్షేమంగా ఉంటే చాలని మొక్కుకున్నాను.

ఆటో పట్టుకుని వికారాబాద్ వచ్చాం. స్టేషన్‌లో అత్తమ్మ లేదు. తాండూరు బండి ఎక్కిందని టీ కొట్టు అతను చెప్పాక ఊపిరి పీల్చుకుని మేమూ బస్సెక్కాం.

తాండూరు చర్చి దగ్గర దిగేసరికి లోపల నవ్వులు వినిపిస్తున్నాయి. గుమ్మంలోంచి తొంగి చూశాను. మైకు ముందు మా అత్తమ్మ. నేను రాకపోయేసరికి పాస్టరమ్మ ఆమెనే నిలబెట్టింది.

"ఓర్పు యాడ నేర్సుకున్నవమ్మ అని అడుగుతున్నరు" అంటోంది అత్తమ్మ. "కరువుల బతికిన, అప్పుడు రాలె. ముగ్గురు పిల్లల్ని సాదిన, అప్పుడు రాలె. ఓర్పు కావాలె తండ్రి అని మోకాళ్ల మీద వడి అడిగిన. దేవుడు ఓర్పు ఇయ్యలె. కోడల్ని ఇచ్చిండు."

హాలంతా ఘొల్లుమంది. అప్పుడు నన్ను చూసింది. "అగో, వచ్చింది. మనసు మంచిదే, కాళ్లే ఆగయి. దా బిడ్డ, కూసో. పొద్దటి సంది ఏమన్న తిన్నవా?"

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసి, వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

వచ్చే కూటానికి కూడా పాస్టరమ్మ అత్తమ్మనే మాట్లాడమంది. ఉదాహరణకి పనికొస్తానని నన్నూ వెంట తెమ్మందట.

కాబట్టి పాఠకులారా, సంఘమంతటి ఎదుట తల వంచి ఒట్టేస్తున్నాను. తాండూరుకే కాదు, పరలోకానికి బండి పెట్టినా సరే, మా అత్తమ్మ అడిగి కనుక్కుని ఎక్కేదాకా నేను ఎక్కను.