నిదానంగా నేసిన రోజులు

మొన్న మా అబ్బాయి నా చేతికి ఒక నల్ల గడియారం కట్టాడు. టైము చూసుకోవడానికి కాదట, గుండె ఎట్లా కొట్టుకుంటోందో చూడడానికట. ఆదోనిలో వాడి ఇంట్లో నేను కింది గదిలో ఉంటాను, వాడు మిద్దె మీద ఉంటాడు. నా గుండె సంగతి ఆ గడియారంలోంచి వాడి ఫోనులోకి పోతుంది, వాడు దాన్ని చూసి పైనుంచే "బాగుండావులే నాయనా" అని కేక వేస్తాడు. బాగున్నానో లేదో నాకే తెలియదు, వీడికెట్లా తెలిసిందో! డాక్టరు కూడా గుండెకేమీ ఢోకా లేదన్నాడు, మనసులో దిగులేమైనా ఉందా పెద్దాయనా అని అడిగాడు. లేదన్నాను. అబద్ధం కాదు. దిగులు లేదు, సంతోషమూ లేదు, చాలా ఏళ్లుగా నా లోపల ఏదీ కదలదు. పెళ్లికి పోయినా అంతే, చావుకు పోయినా అంతే. దీనికేమైనా మందుందా అని అడుగుదామనుకున్నాను గానీ, బయట ఇంకా చాలామంది కూర్చుని ఉంటే లేచి వచ్చేశాను.

మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. మీలో ఎవరైనా మగ్గాల వీధిలో పుట్టి ఉంటే నేను చెప్పేది మీకు కొత్తేమీ కాదు. నడింటి పక్కన పొడుగాటి గది, నేలలో రెండు గుంటలు, ఆ గుంటల్లోకి కాళ్లు వేలాడేసి కూర్చుని నేసే రెండు మగ్గాలు. కిటికీ దగ్గరిది మా నాయనది, లోపలిది మా అన్నది. నేను పక్కింట్లో కూలికి నేసేవాణ్ణి. నాయన పోయాక ఆ కిటికీ మగ్గం ఎవరిదన్న దగ్గర అన్నకూ నాకూ చెడింది. పెద్దవాణ్ణి కాబట్టి తనదేనని ఆయన, నాయన నన్నే కూర్చోమన్నాడని నేను. పెద్దమనుషులు వచ్చి మగ్గం నాకే ఇప్పించారు, ఆ పూట నుంచి అన్న నాతో మాట మానేశాడు, నేను మాత్రం తగ్గుతానా, నేనూ మానేశాను. వెలుతురు కోసం కొట్లాడుకున్నారా అని ఇప్పటివాళ్లు నవ్వుతారు. సన్నపోగు నేసేవాడికి అదెంత అవసరమో కిటికీ లేని గదిలో కూర్చుంటే తెలుస్తుంది.

ఒకే గదిలో, చేయి చాపితే తగిలేంత దూరంలో, ఏళ్ల తరబడి మూగవాళ్ల మాదిరి నేశాం. పొద్దున మొదలుపెట్టేటప్పుడు ఆయన మగ్గం దెబ్బ ఒక దారిన, నా దెబ్బ ఒక దారిన పోయేవి. పొద్దెక్కేసరికి రెండూ ఎట్లా కలిసేవో కలిసిపోయేవి. ఛీ, ఈయనతో నాకు పొత్తేమిటని నేను కావాలని వేగం పెంచేవాణ్ణి, కాసేపటికి నా చేతులే మళ్లీ ఆయన దారికి వచ్చేవి. నడింట్లో రాట్నం ముందు కూర్చుని నూలు చుట్టే మా అమ్మ, "నోర్లు కలవకపోతే పాయ, మగ్గాలు కలిసినాయి" అని మా వదినతో అనేది, మా ఇద్దరికీ వినబడేంత గట్టిగా. మగ్గాల ఇళ్లల్లో ఆడవాళ్లు మొగవాళ్ల ముఖం చూడనక్కర లేదు, దెబ్బ వింటే చాలు, ఎవరికి కోపంగా ఉందో ఎవరికి దిగులుగా ఉందో చెప్పేసేవాళ్లు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అన్న మగ్గం ఆగిపోయింది. పోగు తెగి ముడి వేసుకుంటున్నాడేమోనని నేనూ ఆపాను, ఒకరు ఆపితే ఇంకొకరం ఆపడం మాకు అలవాటు. ఎంతకీ మొదలుకాకపోతే తిరిగి చూశాను. ఆయన రొమ్ము పట్టుకుని నేసిన గుడ్డ మీదికి వాలిపోయి ఉన్నాడు. నేనే చంకల్లో చేతులు వేసి గుంటలోంచి పైకి లాగాను. కర్నూలు పోయేదాకా తల నా భుజం మీదే పెట్టుకున్నాడు, అప్పుడు కూడా ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు. మా పంతం అట్లాంటిది మరి, ఏం చెప్పను.

గుండె దెబ్బతినిందనీ, అలజడి పడితే ఈసారి నిలవదనీ, ప్రశాంతంగా ఉంచమనీ చెప్పి అక్కడి డాక్టర్లు పంపించారు. ప్రశాంతంగా అంటే చప్పుడు లేకుండా అనుకుని మా వదిన మంచం తీసుకుపోయి వెనక కొట్టంలో వేసింది. అన్నకు నిద్ర కరువైంది. ఊరికే చెమటలు పట్టేవి, లేచి కూర్చునేవాడు, ఎవరో పిలిచినట్టు తలుపు వైపు చూసేవాడు. మా అమ్మకు ఒళ్లు మండింది. "సప్పుడు లేకనే గదనే వానికి ఈ గోస! పుట్టినకాడి నుంచి మగ్గాల పక్కన పండుకున్నోడు. తెచ్చి ఆడ్నే ఎయ్యండి" అంది.

మంచం మగ్గాల గదిలోకి వచ్చింది. రెండు సంసారాలు ఒక్క మగ్గం మీద పడ్డాయి కదా, నేను దబదబా కొట్టేవాణ్ణి. అమ్మ గుమ్మంలో నిలబడి అన్న వైపు చూసి, "ఒరే, నీ దెబ్బకు వాని రొమ్ము ఎగుర్తాండాది రా. నిదానంగా కొట్టు" అంది. నిదానించాను. ఇంకా నిదానించాను. కాసేపటికి ఆయన ఊపిరి కుదురుకుంది, కళ్లు మూతలు పడ్డాయి. నాకు భయం వేసింది, అన్న ప్రాణం తెచ్చి నా చేతిలో పెట్టినట్టు. ఆ రోజు నుంచి నా మీద నాకు కోపం వచ్చినా, నా భార్యతో మాటామాటా అనుకున్నా, దాన్ని గడప అవతల వదిలిపెట్టి వచ్చి మగ్గంలో దిగేవాణ్ణి. గుడ్డ దిగేది కాదు. "ఇట్ల నేస్తే మనం తినేది యాడిది?" అని నా భార్య సణిగేది. ఆమె మాటలోనూ తప్పు లేదు.

ఇట్లా ఉండగా ఒక రోజు వెనకనుంచి, "ఒరే, పోగు తెగినాది సూడు" అని వినబడింది. అన్న గొంతు. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. నిజంగానే అంచు దగ్గర ఒక పోగు తెగి ఉంది, నేను చూడలేదు. "సూసినాలే అన్నా" అన్నాను. ముడి వేస్తుంటే పోగు కంటికి కనబడలేదు, కళ్లనిండా నీళ్లు. మా మధ్య తప్పొప్పుల మాట ఎప్పుడూ రాలేదు. అప్పటినుంచి వానల గురించీ, నూలు గురించీ, అమ్మ మోకాళ్ల గురించీ మాట్లాడుకున్నాం.

చలికాలంలో అన్న పోయాడు. నా మగ్గం వింటూ మధ్యాహ్నం నిద్రలోకి జారినవాడు మళ్లీ లేవలేదు. అమ్మ మజ్జిగ తెచ్చి పిలిచేదాకా నేను నేస్తూనే ఉన్నాను, నిద్ర చెడుతుందేమోనని ఇంకా మెల్లగా నేస్తున్నాను. నాకు ఏడుపు రాలేదు. గోనెగండ్ల నుంచి వచ్చిన చుట్టాలు నన్ను చూసి, "ఏమి మనిషప్పా, రాతిగుండె" అనుకున్నారు. ఆ రోజు లోపల ఆగిపోయిందేదో మళ్లీ కదల్లేదు.

దినాలు అయిపోయాక మగ్గంలో దిగాను. ఇక వేగంగా నేయొచ్చు, అడ్డమేమీ లేదు. చేతులు ఆ వేగానికి రాలేదు. నా భార్య కొన్నాళ్లు ఊరుకుంది, తర్వాత మెల్లగానే అడిగింది, "ఇంకా ఎవురికోసరం నిదానం?" అని. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు, అమ్మ లేదు, వదిన లేదు. మగ్గాలు అమ్మేశాం, గుంటలు పూడ్చి సిమెంటు వేయించాం. మా అబ్బాయి ఇంట్లో ఎవరి గది వారిది, ఎవరి తలుపు వారిది. పక్క మనిషి ఊపిరి చూసుకుని తన చేతివేగం తగ్గించుకోవలసిన పని ఎవరికీ పడదు. నేను మాత్రం నడిచినా, తిన్నా, మాట్లాడినా ఆ నిదానంలోనే ఉన్నాను. పాపం, ముసలితనం అనుకుంటారు వీళ్లు. అనుకోనీ.