కౌల్టర్ కొండ మీద మబ్బులమ్మ

మా మోంటానా కొండల్లో ఎలుగుబంట్లు విని పక్కకి తప్పుకునేలా ఎవరో ఒకరు వాగుతూ నడవాలి. ఆ అక్టోబరు పొద్దున ఆర్లీన్ పెదవి విప్పకపోవడంతో ఆ బాధ్యత నా మీద పడింది. నాకేం కష్టం కాదులెండి. ముప్పై ఏళ్లుగా కంచరగాడిదలతో మాట్లాడుతున్నదాన్ని.

ఆర్లీన్ బళ్లో పిల్లలకి వండిపెట్టి రిటైరైన మనిషి. మొగుడు పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, అరవై దాటిన వయసులో కౌల్టర్ కొండ మీద కాపలా పనికి ఒప్పుకుంది. వేసవంతా కొండ కొన మీద, నాలుగు వైపులా అద్దాలున్న గదిలో ఒంటరిగా ఉండాలి. అడవిలో ఎక్కడ పొగ లేచినా వైర్‌లెస్‌లో కబురు చెప్పాలి. ఆవిడకి సరుకులు మోసింది నా గాడిదలే. వెళ్లినప్పుడల్లా పొయ్యి మీద ఏదో ఉడుకుతుండేది, ఆవిడ ఏదో పాట కూనిరాగం తీస్తుండేది. మనిషి తేరుకుందని ఎంత సంతోషించానో.

ఆగస్టులో ఒక రోజు వాన వెలిశాక లోయలో తెల్లగా లేచినదాన్ని చూసి పొగ అని చెప్పింది. మంటలార్పే దళం పడుతూ లేస్తూ పోయి చూస్తే పొగమంచు. ఈ పనిలో కొత్తవాళ్లందరూ చేసే తప్పే అది. తడిసిన చెట్ల మధ్య నుంచి మంచు పోగులు పోగులుగా లేస్తుంది, దూరానికి అచ్చం పొగే. కానీ దళం నాయకుడు డారెల్ నోరు ఊరుకునే రకం కాదు. మబ్బులమ్మ అని పేరు పెట్టాడు. వారం తిరక్కుండా ఊరంతా అదే పేరు.

చలికాలానికి గది తలుపులు బిగించడానికి మేమిద్దరం కొండెక్కుతున్నాం. లార్చ్ చెట్లు పసుపు ముద్దలై నిలబడ్డాయి, సూదుల్లాంటి ఆకులు మా టోపీల మీద రాలుతున్నాయి. సగం దారిలో ఆర్లీన్ నోరు తెరిచి, వచ్చే ఏడు రానని అడవి శాఖ ఆఫీసులో చెప్పేస్తానంది. నాకు ఒళ్లు మండింది.

"డారెల్ మాటలకే ఏడ్చేదానివైతే ఈ ఊళ్లో ఇన్నేళ్లు కాపరం ఎలా చేశావే?" అన్నాను.

"వాడి మాట గురించి కాదు," అంది. "సెప్టెంబర్లో ఇంకోటి కనబడింది. చెప్పలేదు. మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర నిలబడి, పోతే బావుండు, పోతే బావుండు అనుకున్నాను. పోయింది. మంటే అయ్యుంటే? చూసి కూడా నోరు మూసుకునేదాన్ని అక్కడెందుకు కూర్చోబెట్టడం?"

కొంత దూరం ఎలుగుబంట్లని దేవుడికే వదిలేసి నడిచాం.

పైన గదిలో తెచ్చుకున్న రొట్టెలు తిని పనిలో దిగాం. అద్దాల మీదికి చెక్క తలుపులు దించి బోల్టులు బిగించడం తేలికేం కాదు. మూడు వైపులా అయింది. తూర్పు తలుపు దించబోతుంటే ఆర్లీన్ నా చెయ్యి పట్టుకుంది.

రాత్రి పడిన వానకి లోయ నిండా మంచు పోగులు. వాగు మలుపు దగ్గర మాత్రం ఒకటి సన్నగా, నిటారుగా లేస్తోంది. మంచేలే అన్నాను. మంచైతే జాగా మారుతుందనీ, పొగకి మొదలు ఒకచోటే ఉంటుందనీ ఆవిడే నాకు చెప్పింది. ఇద్దరం కళ్లు నొప్పెట్టేదాకా చూశాం. కదిలినట్టూ ఉంది, కదలనట్టూ ఉంది. నేల తడిగానే ఉంది, నాలుగు రోజుల్లో చలికాలపు హిమం కురిసి అంతా కప్పేస్తుంది, వదిలెయ్ అందామనుకున్నాను. ఎందుకో అనకుండా పక్కకి జరిగి దారిచ్చాను. ఆవిడ వైర్‌లెస్ అందుకుంది.

"డారెల్, నేను ఆర్లీన్‌ని. తూర్పు వాగు మలుపులో తెల్లగా ఏదో లేస్తోంది. పొగో మంచో నాకు తెలియడం లేదు. ఎవరైనా వెళ్లి చూడాలి."

వాడు నవ్వితే తిట్టడానికి తిట్లు సిద్ధం చేసుకున్నాను.

"సరే, దగ్గర్లోనే ఉన్నాను," అన్నాడు డారెల్. "నేనే పోతాను. దారి చెప్పు."

అతను వెళ్తుండగానే ఆ తెల్లటిది మాయమైంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మాయమైందని కూడా ఆవిడ దాచకుండా చెప్పింది. డారెల్ మాత్రం వెనక్కి తిరగలేదు. పొద్దు పడమటి కొండల వెనక్కి వాలుతున్నా ఆవిడ గది వదిలి కదలనంది. పిడుగుల భయానికి గాజు కాళ్లు వేసిన స్టూలు మీద బిగుసుకుని కూర్చుంది. నా కాళ్లు లాగుతున్నా కిక్కురుమనలేదు.

చివరికి వైర్‌లెస్‌లో డారెల్ గొంతు వినిపించింది. అక్కడొక ముసలి వేటగాడు గుడారం వేసుకుని, తడి పుల్లలతో కాఫీ కాచుకున్నాడట. చుట్టూ రాళ్లు పేర్చుకుని పద్ధతిగానే చేశాడట. డారెల్ వెళ్లేసరికి ఆ ముసలాయన నీళ్లు పోసి ఆర్పేసి, మిగిలిన కాఫీ డారెల్‌కిచ్చాడట.

"ఇంత చేదు కాఫీ నా జన్మలో తాగలేదు," అన్నాడు డారెల్. "వచ్చే ఏడు కూడా ఇలాగే చెప్పు ఆర్లీన్. తెలియకపోతే తెలియదనే చెప్పు. నడిచేది మేం కదా," అన్నాడు.

ఆర్లీన్ కళ్లు తుడుచుకుంది. పొద్దున్నుంచీ ఆ మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

"అయితే మంచి బూట్లు కొనుక్కో డారెల్," అంది. "నేను చాలాసార్లు చెప్తాను."