మగ్గం ఆగినంతసేపు

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు బెంగుళూరు నుంచి వచ్చి, అనంతపురంలోని మా ఇంటి ముందుగదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపేసి, ఆ ఉక్కలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఒక కీర్తన పాడించుకుంది. ఆ పిల్ల అక్కడి విశ్వవిద్యాలయంలో పాడడమూ, పాడినదాన్ని రికార్డు చేసి చక్కదిద్దడమూ కలిపి చదువుతోంది. చివరి ఏడు కదా, పరీక్షకు ఇంట్లో పెద్దవాళ్ల గొంతు ఒకటి కావాలట. ఆ చదువే నేనూ ఎప్పుడో చదివానని చెబితే, ఆ కాలంలో ఇవన్నీ ఉండేవా అన్నట్టు చూసింది. నాకూ విడమరిచి చెప్పే ఓపిక లేకపోయింది. ఈ మధ్య చాలా సంగతులు ఓపిక లేకనే చెప్పకుండా వదిలేస్తున్నాను.

భోజనాలయ్యాక కంప్యూటరు నా ముందు పెట్టి వినిపించింది. గొంతు నాదే, వయసు దాచినా దాగదు. కానీ ఏదో తేడాగా తోచి, ఏం చేశావని అడిగాను.

"మధ్యమధ్యలో ఊరికే నిలబడినావు పెద్దమ్మా. ఆ ఖాళీలన్నీ తీసేసినా. ఇప్పుడు ఎంత నున్నగా ఉండాదో చూడు!"

పాట మధ్యలో ఆగానన్న సంగతే నాకు తెలియదు. ఆ అలవాటు నన్ను వదిలి ఎన్నో ఏళ్లయిందనుకున్నాను.

మేము ధర్మవరం నేతగాళ్లం. ఇంట్లో నడిమి గదంతా మగ్గమే, దాని చుట్టూ మిగిలిన చోటులోనే మా వంటా నిద్రా చదువూ అన్నీ. నాయన మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, నేను పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టుదారం చుడుతూ, భజన మందిరంలో విని పట్టుకున్న పాటలు పాడేదాన్ని. నాకు తాళం నేర్పింది ఎవరంటే ఆ మగ్గమేనని చెప్పాలి. అయితే అందులో ఒక చిక్కు ఉంది. రెండు వేళ్ల మేర నేత సాగగానే నాయన ఆగేవాడు. బట్ట ముడుచుకుపోకుండా అడ్డంగా బిగించిన బద్దను ముందుకు జరిపి, నేసిన మేరను అరచేత్తో ఒకసారి నిమిరి, నడుము నిటారు చేసి ఒక ఊపిరి తీసుకుని మళ్లీ అడ్డదారం మోసే నాడె అందుకునేవాడు. మగ్గం ఆగితే ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. అందులో నా గొంతు ఒక్కటే వినపడితే నాకు ఎక్కడలేని సిగ్గు, అందుకని చరణం మధ్యలో ఉన్నా సరే నోరు మూసుకునేదాన్ని. మగ్గం కదలగానే ఆపిన అక్షరం నుంచే అందుకునేదాన్ని. చిన్నప్పటి నుంచీ అదే పాడడమనుకున్నాను నేను.

డెబ్బైల చివర్లో ఒక విశ్వవిద్యాలయంలో సంగీతంతో పాటు రికార్డింగు కూడా నేర్పే కోర్సు పెడితే, మా బడి పంతులమ్మ పట్టుబట్టి నన్ను అందులో చేర్పించింది. అమ్మకు బొత్తిగా ఇష్టం లేదు. నాయన మాత్రం, పోనీలే, మన ఇంట్లో ఒకరైనా గుంటలో కాళ్లు పెట్టకుండా బతకనీ అన్నాడు. ఆ మాట మోసుకుంటూ రైలెక్కాను.

అక్కడ మొదటి నెలలోనే నా గుట్టు బయటపడింది. తంబూరా ముందు పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయేదాన్ని. ఆగానని నాకు తెలిసేది కాదు. మళ్లీ ఏమీ జరగనట్టే అందుకునేదాన్ని. మాకు పాట నేర్పే మేడం మొదట నాకు ఊపిరి చాలడం లేదనుకుంది, తర్వాత పొగరనుకుంది, ఆ తర్వాత తలపట్టుకుంది. మృదంగం నేర్చుకునే సహాధ్యాయి ఒకడు, రాప్తాడు పక్క రైతుబిడ్డ, మనవాడే కదా అని అతన్ని నాకు జత చేశారు. అతనికి నోటికీ చేతికీ మధ్య తేడా లేదు, రెండూ వాయించడమే.

"ఏమ్మా, యాడికి పోయినావు? సమం కాడ నేనొక్కన్నే నిలబడుకోని ఉండా!" అని, తాళం మళ్లీ మొదలయ్యే దెబ్బ దగ్గర చెయ్యి ఆపి, గదిలో అందరి ముందూ అరిచేవాడు. అందరూ నవ్వేవారు, వాళ్లతో పాటు నేనూ నవ్వేసి, హాస్టలుకు పోయి ఏడ్చేదాన్ని.

చివరి పరీక్షకు ముందు వేసవి సెలవులకు ఇంటికి వచ్చేసరికి మన సీమలో వానలు లేక వరుసగా చెనక్కాయ పంటలు పోయాయి. మన ఈడు వాళ్లకు ఆ కరువు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కొళాయి దగ్గర బిందెలు మనుషులకంటే ముందు లేచి వరసలో నిలబడేవి. పల్లెల్లో పెళ్లిళ్లు లేవు కాబట్టి పట్టుచీరలు అడిగేవాళ్లు లేరు, ఏ వీధిలో చూసినా సగం మగ్గాలు మూగవైపోయాయి. నాయన మాత్రం మగ్గం మీద మిగిలిన ఒక్క పడుగునూ ఆపి ఆపి, తరగకుండా దాచుకున్నట్టు నేసేవాడు. అలవాటుగా రాట్నం ముందు కూర్చుని పాట ఎత్తుకున్నాను. నాయన బద్ద జరపడానికి ఆగాడు, నేనూ ఆగాను. అప్పుడు తెలిసింది నేనెక్కడ ఆగుతున్నానో, ఎవరి కోసం ఆగుతున్నానో.

తెలిసినంత మాత్రాన పోయే జబ్బు కాదు అది. "ఈడ తాగే నీళ్లకే గతి లేదు, నీకు పాటలా తల్లీ? పరీక్ష పోతే ఇంగ వచ్చి కండెలు చుట్టుకో" అని అమ్మ తేల్చి చెప్పేసింది. ఆ మాటలో కోపం కంటే అలసటే ఎక్కువ. పరీక్ష తప్పితే ఇంకొక ఏడు చదివించే శక్తి మా ఇంటికి లేదని నాకూ తెలుసు. అంటే ఆ ఒక్క పరీక్షతోనే నా పాట ఉండడమో, ఊడడమో.

పరీక్ష అంటే, రికార్డింగు గదిలో పాడి, ఆ టేపును ఎవరిది వాళ్లే కోసి అతికి చక్కదిద్ది ఇవ్వాలి. కోయడం కూడా విద్యలో భాగమే కాబట్టి దానికి అభ్యంతరం లేదు. గోడలకు కొబ్బరిపీచు అట్టలు కొట్టిన ఆ గదిలో, ఫ్యాను లేని ఉక్కలో, కళ్లు మూసుకుని పాడాను. ఆగకూడదని ఎంత గట్టిగా అనుకున్నానో అంతగానూ ఆగాను. విచిత్రమేమిటంటే, ఆ రోజు నా మృదంగం జతగాడు అరవలేదు. నేను ఆగిన ప్రతిచోటా తనూ చేతులెత్తి నిశ్శబ్దంగా కూర్చుని, నేను అందుకోగానే అందుకున్నాడు. బయటికొచ్చాక, ఇంగ బ్లేడు చేసే పని బ్లేడు చేస్తాదిలే అని నవ్వాడు. అతని చేతిలో అంత మంచితనం ఉందని నేను అనుకోలేదు.

మరునాడు, విరిచిన సగం బ్లేడు పట్టుకుని, పెద్ద పళ్లెమంత టేపుచుట్టను చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పుతూ, ఆ ఖాళీలన్నిటినీ వెతికి కోశాను. కోసిన గోధుమరంగు ముక్కలు ఒళ్లో పడ్డాయి. పని ముగిశాక లేచి, చెంగు దులిపి, చెత్తబుట్టలో వేసేశాను. మొదటి తరగతిలో పాసయ్యాను.

ఆ పాటను క్యాసెట్టులో ఎక్కించుకుని ఇంటికి తెచ్చాను. అప్పటికి నాయన మగ్గం ఖాళీ. అయినా ఆయన అలవాటుగా గుంట అంచున, కాళ్లు లోపలికి వేలాడేసుకుని కూర్చున్నాడు. ఎదురింటి వాళ్ల టేపురికార్డరు తెచ్చి పక్కన పెట్టి వినిపించాను. తల వంచుకుని చివరిదాకా విని, నా ముఖంలోకి చూశాడు.

"బాగుండాదమ్మా. యాడా నిలబడకుండా పాడినావే... అలుపు రాలేదా తల్లీ నీకు?"

లేదు నాయనా అన్నాను, గొప్పగా. ఆ తర్వాత కొన్నేళ్లకే ఆయన పోయాడు. ఆ మగ్గం మళ్లీ కదలలేదు. నేను సంగీతం టీచరునై, ఎక్కడా ఆగకూడదని పిల్లలకు నేర్పుతూ, నేనూ ఎక్కడా ఆగకుండా ఉద్యోగమూ సంసారమూ లాక్కొచ్చి రిటైరయ్యాను.

సాయంత్రం చెల్లెలి కూతురిని పిలిచి, తీసేసినవన్నీ మళ్లీ పెట్టెయ్యమన్నాను. పరీక్షలో మార్కులు పోతాయేమో పెద్దమ్మా అని గొణిగింది గానీ, వేలితో ఏవో నొక్కి నిమిషంలో పెట్టేసింది. మా కాలంలో కోసిన ముక్క చెత్తబుట్టలోకి పోతే పోయినట్టే. ఈ కాలంలో పారేసిందాన్ని వెనక్కి తెచ్చుకునే వీలుంది, అందుకు మాత్రం ఈ పిల్లలను చూస్తే నాకు అసూయగా ఉంటుంది. ధర్మవరంలో మా వీధికి ఇప్పుడు వెళ్తే ఇంటింటా మరమగ్గాలే. కరెంటు పోతే తప్ప అవి ఎక్కడా ఆగవు. వాటి పక్కన కూర్చుని పాడే ఆడపిల్ల ఎవరైనా ఉంటే, ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో పాపం.

పాట మళ్లీ మొదలైంది. చరణం మధ్యలో నా గొంతు ఆగింది. గదిలో ఏ చప్పుడూ లేదు. నా అరచెయ్యి దానంతటదే ఒళ్లోని చీరను ఒకసారి నిమిరింది. పక్కన పిల్ల ఉందన్న సంగతి మరిచిపోయి, పైకే అనేశాను.

"వచ్చినాది నాయనా. శానా అలుపొచ్చినాది."