దొరసానికి ప్లాస్టిక్ తొడిగిన వైనం

వందేళ్లకు పైబడి గోదావరి వరదలూ, చెదపురుగులూ, పిల్లల జిడ్డు చేతులూ చేయలేకపోయిన పాడుపని ఒకటి నేను నార్సింగిలో పది నిమిషాల్లో చేశాను. అదీ డబ్బులిచ్చి, దగ్గర నిలబడి, "అన్నా, మూలలు మంచిగ వట్టియ్యి" అని చెప్పి మరీ చేయించుకున్నాను. ఆ కథ ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు నవ్వలేకపోయినవాళ్లు ముగ్గురే, అందులో నేనొకణ్ణి.

ఎనిమిదేళ్ల కిందటి మాట. హైటెక్ సిటీలో కొత్తగా ఉద్యోగంలో చేరి, మెడలో ఐడీ కార్డు ఆదివారం కూడా తీయకుండా తిరిగే రోజులు. నార్సింగిలో సువార్తమ్మ గారనే రిటైర్డ్ నర్సు ఇంట్లో పై గది కిరాయికి తీసుకున్నాను. నార్సింగి ఇంకా ఊరిలా ఉన్నప్పుడే ఆవిడ కట్టించుకున్న ఇల్లు అది. డాబా ఎక్కితే కోకాపేట వైపు వారానికో అంతస్తు లేస్తూ కనిపించేది. ఆవిడది యానాం. నన్ను 'బాబూ' అనేవారు, నేను 'ఆంటీ' అనేవాణ్ణి. ఆదివారం చర్చి నుంచి రాగానే గిన్నెడు కోడికూర పైకి పంపేవారు. అలాంటి ఓనరు దొరికినందుకు మా అమ్మ కొమురెల్లి మల్లన్నకు మొక్కు కూడా చెల్లించింది.

ఆంటీ ముందు గదిలో గోడమీద ఒక బొమ్మ ఉండేది. ఎవరో ఫ్రెంచి యువతి వాగు ఒడ్డున చెట్టు కింద కూర్చుని ఉంటుంది. తలమీద గడ్డి టోపీ, దానికి నీలం రిబ్బను, ఒళ్లో చదివి మడిచిన ఉత్తరం, కాళ్ల దగ్గర గొర్రెపిల్ల. చూపు మాత్రం ఉత్తరం మీదా ఉండదు, గొర్రెపిల్ల మీదా ఉండదు. ఎటో దూరంగా ఉంటుంది. సోమవారం పొద్దున మీటింగులో మా టీమంతా చూసే చూపు అది.

"ఇది పెయింటింగా ఆంటీ?" అని చేరిన కొత్తలోనే అడిగాను.

"కాదు బాబూ. రాయి మీద గీసి, ఆ రాతి మీంచి కాగితం మీదకి అచ్చొత్తేవారంట. లితోగ్రాఫ్ అంటారు. మా తాతగారు యానాంలో ఓ ఫ్రెంచి దొర దగ్గర వంట చేసేవారు. దొర వెళ్లిపోతా ఇచ్చేశాడు. మా ఇంట్లో అందరం దొరసాని అనే పిలుస్తాం."

ఈ దొరసానికి వారసులు ఇద్దరు. ఒకరు సువార్తమ్మ గారు, రెండోవారు యానాంలోనే ఉండే ఆవిడ అక్క కరుణమ్మ గారు. బొమ్మ నాదంటే నాదని చిన్నప్పటి నుంచీ కొట్లాట. విసిగిపోయిన తల్లి ఒక తీర్పు చెప్పి, దాన్ని బొమ్మ వెనకాలే తన చేత్తో రాసిపెట్టింది. ఏడాది ఒకరి దగ్గర, ఏడాది ఇంకొకరి దగ్గర. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు చేతులు మారాలి. తీసుకున్నవాళ్లు వెనక సంతకం పెట్టాలి. సంతకం పడనిదే దొరసాని గుమ్మం దాటకూడదు. తల్లి పోయాక ఇద్దరికీ బైబిలు తర్వాత అంతటి మాట అది. ఒక ఏడు సువార్తమ్మ గారు మోకాలి నొప్పి వల్ల రెండు నెలలు ఆలస్యంగా అప్పగిస్తే, కరుణమ్మ గారు ఏడాదిన్నర పాటు మాట్లాడలేదట. మళ్లీ మాటలు కలిసి అప్పటికి ఆర్నెల్లే అయింది. ఇదంతా మీకు ముందే చెబుతున్నాను. నాకు మాత్రం పని పూర్తయ్యాక తెలిసింది.

మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం. ఆఫీసు నుంచి వచ్చి, ఆంటీకి పాల ప్యాకెట్ ఇచ్చి, గిర్రున వెనక్కి తిరిగాను. వీపున లాప్‌టాప్ బ్యాగు ఉన్న మనిషి గిర్రున తిరగకూడదు. ఫ్రేము కింద పడి అద్దం భళ్లుమంది. దొరసానికి గీత కూడా పడలేదు.

"పోన్లే బాబూ, అద్దమే కదా," అన్నారు ఆంటీ. "ఎల్లుండి మా అక్క వస్తది. రేపు అద్దం ఒక్కటీ మార్పించుకురా. వెనకాల మా అమ్మ రాత ఉంది, అది మాత్రం జాగర్త."

"ఫికర్ జెయ్యకుర్రి ఆంటీ. పాణం లెక్క జూస్కుంట."

ఇక్కడే ఆగి ఉంటే ఈ కథ లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎవరైనా తెస్తారా? నేను తెచ్చాను, అది కూడా సాన పట్టించి తెచ్చాను.

మర్నాడు పొద్దున నార్సింగి చౌరస్తాలో యాదగిరి షాపుకు వెళ్లాను. జిరాక్స్, లామినేషన్, ఫోటో ఫ్రేములు అన్నీ అతనివే. యాదగిరి ఫ్రేము విప్పి బొమ్మను బల్లమీద పెట్టాడు.

"అద్దం ఏస్త గని అన్నా, కాగితం జూసినవా? అప్పడం లెక్కున్నది. గిట్లనే పెడ్తే రెండేండ్లల్ల పొడి పొడి అయితది."

"మరి ఏం జెయ్యాలె?"

"లామినేషన్ గొట్టిస్తే నీ మనుమలు గూడ జూస్తరు."

మా ఇంట్లో ముఖ్యమైన కాగితానికి ఆ ఒక్క సంస్కారమే తెలుసు. మనసు ఉప్పొంగింది. అయినా ఆంటీ చెప్పిన జాగ్రత్త మరచిపోలేదు.

"ఎనుక పాత రాత ఉన్నది. అది గూడ కనవడాలె," అన్నాను.

"రెండు దిక్కుల సాఫ్‌గ కనవడ్తది. మీద నీళ్లు వోసినా ఏం గాదు. తెల్ల అంచు జర ఎక్కువున్నది, కోద్దునా?"

"ఏయ్, కొయ్యకు!"

గమనించండి, నాకు ఆ మాత్రం తెలివి ఉంది.

దొరసాని గొర్రెపిల్లతో సహా మెషీన్‌లోకి ఒక పక్క నుంచి వెళ్లి ఇంకో పక్క నుంచి వేడివేడిగా బయటికి వచ్చింది. కొత్త ఆధార్ కార్డులా తళతళలాడింది. ఆంటీ అడిగింది అద్దమే, నేను కవచం చేయించాను. ఈసారి గిన్నెడు కాదు, కుండెడు కూర వస్తుందని, ఖాళీ ఫ్రేము చంకన పెట్టుకుని ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆంటీ బొమ్మను చేతిలోకి తీసుకుని వేలితో తడిమారు.

"ఇదేంటి బాబూ, జారిపోతోంది?"

"లామినేషన్ ఆంటీ! రెండు దిక్కుల! ఇగ మీద నీళ్లు వోసినా ఏం గాదు."

"నీళ్లెవరు పోత్తారు బాబూ?"

ఈ ప్రశ్న యాదగిరిని అడగడం మరచిపోయాను. ఆంటీ బొమ్మను వెనక్కి తిప్పారు. పెన్ను తీసి ఒక మూల గీత గీయబోయారు. పెన్ను సర్రున జారింది, గీత పడలేదు. ఇంకోసారి గీశారు, పడలేదు. మెల్లగా కుర్చీలో కూర్చుండిపోయారు. అప్పుడు చెప్పారు నాకు సంతకాల సంగతి, గుమ్మం సంగతి, ఏడాదిన్నర మౌనం సంగతి.

"రేపు మా అక్క ఎక్కడ పెడతది బాబూ సంతకం? దీన్ని నా దగ్గరే ఉంచేసుకోవాలని నేనే చేయించాననుకుంటది. మళ్లీ మాటాడదు. ఉన్నది ఒక్క అక్క నాకు."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత తేలికపడేవాణ్ణి. బొమ్మ పట్టుకుని మళ్లీ చౌరస్తాకు పరుగెత్తాను.

"అన్నా, ఇది తీసెయ్యొస్తదా?"

యాదగిరి నన్ను ఎగాదిగా చూశాడు. "అన్నా, ఏసుడే మా పని. తీసుడు ఇంతవరకు ఎవ్వరు అడగలే."

"జర కోషిష్ చెయ్యన్నా."

"గుంజితే బొమ్మ సగం ప్లాస్టిక్‌కు వోతది, సగం నీకొస్తది. ఏ సగం గావాలె?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నేను ఆకులకు కూడా అప్పటికే లామినేషన్ చేయించి కూర్చున్నాను.

ఆదివారం కరుణమ్మ గారు తెల్లవారుజామున బస్సు దిగి, చెల్లెలితో చర్చికి వెళ్లి, చేతిలో మట్టతో ఇంటికి వచ్చారు. రిటైర్డ్ లెక్కల టీచరు. కళ్లద్దాల పైనుంచి చూసే రకం. ధైర్యం చాలక ఆంటీ అప్పటిదాకా అక్కకు ఏమీ చెప్పలేదు. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

"పెన్ను ఇలా ఇయ్యవే," అంటూ కరుణమ్మ గారు బొమ్మ వెనక్కి తిప్పారు. పెన్ను సర్రుమన్న చప్పుడు వినిపించింది.

"నా సంతకం పడకూడదని ప్లాస్టిక్ వేయించావా సువార్తా?"

"అక్కా, ప్రభువు తోడు, నేను కాదు. అద్దం మార్పించమంటే ఈ అబ్బాయి తెలీక చేయించేశాడు."

"ఇంజినీరింగు చదివినోడు తెలీక చేశాడా? ఎవరికి చెబుతావే?"

నా డిగ్రీని అంతగా నమ్మిన మొదటి మనిషి ఆవిడే. నమ్మడానికి వేరే రోజే దొరకలేదు.

ఆంటీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక దాక్కోవడం కుదరదు.

"పెద్దమ్మా, జర ఒక్క నిమిషం ఆగుర్రి," అని పైకి పరుగెత్తి, నా ఫైలు తెచ్చి టీపాయి మీద కుమ్మరించాను. పదో తరగతి మెమో, లామినేషన్. ఇంటర్ మెమో, లామినేషన్. కులం సర్టిఫికెట్, ఆఫర్ లెటర్, గడువు తీరిన బస్సు పాసు, మా చెల్లె మూడో తరగతిలో గీసిన నెమలి, హాస్టల్‌లో టిఫిన్ వేళల పట్టీ, అన్నీ లామినేషన్. చివరికి 'గేటు పదింటికి వేస్తాను, నీళ్లు వృథా చేయరాదు' అని ఆంటీ స్వయంగా రాసిచ్చిన కాగితం కూడా నిగనిగలాడుతూ బయటపడింది.

"ఇది కూడానా బాబూ?" అన్నారు ఆంటీ.

"మీరు చేతితోని రాసిచ్చిండ్రు గద ఆంటీ."

కరుణమ్మ గారు ఆన్సర్ పేపర్లు దిద్దినట్టు ఒక్కొక్కటీ తీసి చూశారు. నెమలి దగ్గర కాసేపు ఆగారు.

"ఎందుకయ్యా ఇదంతా?"

"మా నాయిన టెన్త్ మెమోను ఎలుకలు గొట్టినయి పెద్దమ్మా. నౌకరి కోసం జూపియ్యమన్న దినం పెట్టె దెరిస్తే తునకలున్నయి. అప్పటిసంది మా ఇంట్ల పాణం లెక్క జూస్కునే కాగితమైతే ప్లాస్టిక్ ఎక్కాల్సిందే. దొరసానిని జూస్తే గూడ గట్లనే అనిపించింది."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని తీర్పు చెప్పారు.

"ఇందులో కుట్రేం లేదే సువార్తా. ఈ అబ్బాయి నిజంగానే ఇంతే."

అంత అవమానం జరిగి అంత సంతోషపడింది నా జన్మలో అదొక్కసారే.

కానీ సంతకం మాట అలాగే ఉంది. నేను ఆఫీసు బ్యాగులోంచి మార్కర్ తీసి, "ఇది పర్మనెంట్ పెద్దమ్మా," అని ఇచ్చాను. కరుణమ్మ గారు సంతకం పెట్టారు. పడింది! ఆవిడ లెక్కల టీచరు కదా, సరిచూడకుండా వదలరు. చెల్లెలి శానిటైజర్ ఒక చుక్క వేసి పైటకొంగుతో తుడిచారు. సంతకం కొంగు మీదకు వచ్చింది.

"పర్మినెంటు అన్నావు?"

నేను మళ్లీ తలుపు పక్కకు వెళ్లి నిలబడ్డాను.

"సంతకం లేకపోతే ఏం అక్కా, తీసుకెళ్లిపో," అన్నారు ఆంటీ.

"అమ్మ మాట దాటమంటావా?"

"పోనీ ఇక్కడే ఉంచెయ్యనా?"

"నీ ఏడాది అయిపోయిందిగా!"

నిన్నటిదాకా నాదంటే నాదన్నవాళ్లు ఇప్పుడు నీదంటే నీదంటున్నారు. ఇద్దరి మధ్య సోఫా మీద దొరసాని తన ఉత్తరంతో, తన గొర్రెపిల్లతో, ఎటో చూస్తూ కూర్చుంది. ఆవిడకేం, నీళ్లు పోసినా ఏమీ కాదు.

చివరికి దారి ఆంటీకే తట్టింది. వేరే కాగితం మీద సంతకాలు పెట్టి, అమ్మ రాత పక్కన అంటిద్దామన్నారు. కరుణమ్మ గారు సరేనన్నారు. కాగితం మీద ఏడాది వేసి సంతకం పెట్టారు. ఆంటీ పెట్టారు. నన్నూ పిలిచి పెట్టించారు. నా పేరు కింద కరుణమ్మ గారు గుండ్రటి అక్షరాలతో 'పాడుచేసినవాడు' అని రాశారు. ఆంటీ మందుల డబ్బాలోంచి కట్టు టేపు తీసి నాలుగు వైపులా అంటించారు. అక్క చెల్లెలి భుజం తట్టింది. చెల్లెలు ముక్కు చీదుకుంది. అంతా సుఖాంతం. నేను కూడా హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు కరుణమ్మ గారు వేలితో ఆ కాగితాన్ని తడిమి, "మరీ పల్చగా ఉందే సువార్తా. బస్సులో నలిగిపోద్దేమో," అన్నారు.

నోరు అదుపులో పెట్టుకోవాల్సిన క్షణం జీవితంలో ప్రతివాడికీ ఒకటి వస్తుంది.

"దానిదేమున్నది పెద్దమ్మా, లామినేష..."

"నోర్ముయ్!" అన్నారు ఇద్దరూ.

పుట్టి బుద్ధెరిగాక అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే మాట ఒకేసారి అనడం అదే మొదలని తర్వాత ఆంటీ చెప్పారు. ఆ వారం కూర మాత్రం వచ్చింది, గిన్నెడే.

కాబట్టి పాఠక మహాశయులారా, చౌరస్తాలోని యాదగిరి మెషీన్ సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ కాగితాన్నీ, అది ఎంత పాతదైనా, ఎంత ముఖ్యమైనదైనా, ప్లాస్టిక్‌లో పెట్టించను. ఈ ప్రమాణాన్ని ఆనాడే ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకున్నాను. ఎనిమిదేళ్లలో మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది. చూసినప్పుడల్లా చెయ్యి చౌరస్తా వైపు గుంజుతుంది. మళ్లీ మడిచి లోపల పెట్టుకుంటున్నాను.